మనది ఏ ఊరమ్మా?

ఉగాది సంచికకి వ్యాసాలు పదో తేదీలోగా అందాలని సంపాదకులు మన తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టారు. "కిందటేడు వంటల మీద రాశారు కదా, ఈసారి పిల్లలు, సంస్కారం, అలా ఏదైనా రాయండి" అని నాకు విడిగా ఇంకో మెసేజీ పెట్టారు. సంస్కారం లాంటి పెద్ద మాట ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు ఒక్క వాక్యం రాదు. మా అమ్మాయి బడి నుంచి ఒక ప్రశ్న మోసుకొచ్చింది కాబట్టి బతికిపోయాను.

చైనా కొత్త సంవత్సరం (సీఎన్‌వై) సెలవులకి ఇక్కడ షాంఘైలో వాళ్ళ బళ్ళో సొంతూరి మీద చార్టు వేసుకురమ్మన్నారు. మీ ఇళ్ళలోనూ ఆ రంగు పెన్నుల యుద్ధం జరిగే ఉంటుంది. మా పిల్ల ఓరియంటల్ పెర్ల్ టవర్ వేసి, పక్కన 468 మీటర్లని రాసి, హువాంగ్‌పు నదిలో రెండు పడవలు కూడా తేల్చి, సంబరంగా పట్టుకెళ్ళింది. టీచరు బాగుందని మెచ్చుకుని, "ఇది మనం ఉండే ఊరు. నీ సొంతూరు వేయలేదేం?" అని అడిగిందట. నేను పుట్టింది ఇక్కడే కదా అని ఇది వాదించిందట. "నీ పక్కన కూర్చునే అబ్బాయీ ఇక్కడే పుట్టాడు. వాడు వాళ్ళ తాతగారి ఊరు వేశాడు చూడు" అందట ఆవిడ. ఆ అబ్బాయి అన్‌హుయి కొండలు వేశాడు. ఇంకో పిల్ల సిచువాన్ మిరపకాయలు వేసింది. సాయంత్రం బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే, బూట్లు కూడా విప్పకుండా, "మనది ఏ ఊరమ్మా?" అంది.

"ఇండియా అని రాసెయ్" అన్నారు వాళ్ళ నాన్న, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"ఇండియా దేశం కదా నాన్నా. టీచరు ఊరు అడిగింది."

హైదరాబాద్ అని రాయమన్నాను నేను. హైదరాబాద్‌లో మాకున్నది అద్దెకిచ్చిన ఒక ఫ్లాటు. దాని తలుపు ఏ రంగో మా పిల్లలకి తెలియదు.

మాది కోనసీమ. వాళ్ళ నాన్నది జగిత్యాల జిల్లా, ధర్మపురి దగ్గర. ఇద్దరిదీ గోదావరి ఒడ్డే. ఆయన నీళ్ళు వచ్చే వైపు, నేను నీళ్ళు సముద్రంలో కలిసే వైపు. మరి చార్టు మీద ఏ ఒడ్డు వేయాలి? ఇక్కడి పద్ధతి ప్రకారం నాన్నకి నాన్న ఊరే పిల్లల ఊరు. ఇంత దూరం వచ్చినా ఆ లెక్కలో మార్పేమీ లేదు. కోనసీమ కొబ్బరిచెట్లు మార్జిన్‌లోకి కూడా రావన్నమాట. సరే, ధర్మపురే వెయ్యమన్నాం. బైదూలో వెతికితే పెద్దగా ఏమీ దొరకలేదు. తాతగారి ఇల్లు ఎలా ఉంటుందో సరిగా గుర్తులేక ఎర్ర పెంకుల ఇల్లు వేసింది. ఆ ఇల్లు డాబా.

ఈ సంగతి నవ్వుతూ గ్రూపులో పెడితే సాయంత్రానికి డెబ్భై మెసేజీలు. మీలో చాలామంది చూశారు. పిల్లలకి ఊరు అనే బరువు ఎందుకు తగిలిస్తారని కొందరు, ఊరు లేని పిల్లలు ఏమైపోతారని కొందరు. రెండు వైపుల మాటా ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడతాను. తీర్పు మాత్రం చెప్పను.

మొదటి వైపు వాళ్ళు చెప్పేది కొట్టిపారేసేది కాదు. మన కాపురాలు కంపెనీ కాగితం మీద నడుస్తున్నాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే రెసిడెన్స్ పర్మిట్. ఈ ఏడాది షాంఘై, వచ్చే ఏడాది సుజౌ, ఆ పైన సింగపూరో టొరంటోనో. ఇలా తిరిగే పిల్లల నెత్తిన ఎన్నడూ ఉండబోని ఊరిని ఎత్తడం దేనికి? పైగా ఇక్కడి చదువులో తప్పుపట్టడానికి ఏముంది? తరగతి గది పిల్లలే ఊడ్చుకుంటారు. కళ్ళకి వ్యాయామం చేయిస్తారు. 2021లో ట్యూషన్ వ్యాపారం మీద దెబ్బ వేశారు. అదే ఏడాది పిల్లల ఆన్‌లైన్ ఆటల్ని శుక్ర, శని, ఆదివారాల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదికి కట్టేశారు. ఆ వార్త వచ్చిన రోజు మన గ్రూపులో ఎన్ని దండాల బొమ్మలు పడ్డాయో గుర్తుందా? పిల్లలు మాండరిన్‌లో బజారు వాళ్ళతో బేరమాడుతుంటే మనం పక్కన సంచీ పట్టుకుని నిలబడుతున్నాం. ఇంత చక్కగా కుదురుకున్న పిల్లల్ని కదపడం ఎందుకన్నది వాళ్ళ మాట.

కుదురుకున్నారు, నిజమే. కానీ ఎక్కడ కుదురుకున్నారు? అమెరికాలో ఉన్న మా అక్క అక్కడి తెలుగు వాళ్ళ సంచికలు పంపుతుంటుంది. ప్రతి దాంట్లోనూ పిల్లలు అమెరికన్లయిపోతున్నారన్న బాధే. మనకి ఆ బాధ పడే అదృష్టం కూడా లేదు. మన పిల్లలు చైనా వాళ్ళు కాలేరు. వీళ్ళ పౌరసత్వ చట్టం 1980 నాటిది. తల్లిదండ్రులిద్దరూ విదేశీయులై ఉద్యోగాల మీద ఉంటున్నప్పుడు, పిల్ల ఇక్కడ పుట్టినంత మాత్రాన ఇక్కడిది కాదు. మా చిన్నాడు ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టాడు. వాడి బారసాల కంటే ముందు మేం పడిన హడావిడంతా కాన్సులేటులో పాస్‌పోర్టుకి, పోలీసుల దగ్గర రిజిస్ట్రేషన్‌కి. ఊయల సంగతి తర్వాత చూసుకున్నాం. షాంఘై యాసలో కూరగాయల ఆవిడని నవ్వించే పిల్లాడు కూడా, కాగితం గడువు తీరితే అందరితో పాటు పెట్టె సర్దుకోవలసిందే.

మా ఇంట్లో పనిచేసే ఆయీది అన్‌హుయి. కొడుకు ఏడో తరగతి, ఊళ్ళో నానమ్మ దగ్గర ఉంటాడు. వాడి హుకోవ్ (నివాస నమోదు) అక్కడిది, పెద్ద పరీక్షలు అక్కడే రాయాలి. అందుకని ఇక్కడికి తెచ్చుకోలేదు. సీఎన్‌వైకి రైలు టికెట్లు పదిహేను రోజుల ముందు వదులుతారు కదా, ఆ పూట గిన్నెలు సింకులో వదిలేసి ఫోను పట్టుకుని నిలబడుతుంది. నేను కూడా ఏమీ అనను. నలభై రోజుల పాటు ఈ దేశంలో సగం మంది అలాగే ఏదో ఒక రైలు కోసం నిలబడి ఉంటారు. వెళ్ళేటప్పుడు కొడుక్కి దూది కోటు పట్టుకెళ్తుంది, వచ్చేటప్పుడు ఊకలో పెట్టి నాటుకోడి గుడ్లు తెస్తుంది. ఈసారి గుడ్లు నా చేతికిస్తూ, "మీరు మీ ఊరు వెళ్ళి ఎన్నేళ్ళయింది?" అంది. లెక్క చెప్పాను. "థాయ్‌లాండ్ వెళ్ళొచ్చారుగా మొన్న?" అంది. ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

వాళ్ళ ఊరు స్వర్గమని నేననను. అక్కడ మిగిలింది ముసలివాళ్ళూ పిల్లలే. ఆ కుర్రాడు తల్లి ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాడట. అది చెబుతూ ఆవిడ ఉల్లిపాయలు తరగకపోయినా కళ్ళు తుడుచుకుంటుంది. మా పిల్లలు రోజూ మా మధ్యనే పడుకుంటున్నారు. ఆ లెక్కన వీళ్ళే అదృష్టవంతులు. అయితే ఆ కుర్రాడికి చార్టు ఇస్తే ఎవర్నీ అడక్కుండా నింపేస్తాడు. ఈ ఒక్క విషయంలో మాకు రెండు జీతాలుండీ వాడికి ఉన్నది మా వాళ్ళకి లేదు.

మనకీ కారణాలున్నాయి, లేకపోలేదు. 2020లో పండగ సెలవులకి ఇండియా వెళ్ళినవాళ్ళు కోవిడ్‌తో అక్కడే చిక్కుకుపోయారు. 2022లో మళ్ళీ వీసాలు ఇచ్చేదాకా భర్త ఇక్కడా భార్యాపిల్లలు అక్కడా గడిపిన ఇళ్ళు మన గ్రూపులోనే ఉన్నాయి. ఇక్కడ ఉండిపోయినవాళ్ళం వెళ్ళలేకపోయాం. మా మామగారి పెద్దకర్మ ఫోన్లో చూశాం. 2022 ఏప్రిల్, మే నెలల లాక్‌డౌన్ సంగతి ఎవరం ఎత్తుకోం. ఆ రోజుల్లో ఎవరింట్లో ఎన్ని ఉల్లిపాయలున్నాయో కాంపౌండంతటికీ తెలుసు. ఇక ఫోన్ల కథ సరేసరి. వాట్సాప్ ఇక్కడ లేదు. 2020 జూన్‌లో వీచాట్ అక్కడ ఆపేశారు. నానమ్మా మనవరాలూ ఏ దారిన మాట్లాడుకుంటున్నారో సంచికలో రాయను, మీ ఇంట్లోదీ అదే దారి కదా. ఆ దారి తెరుచుకున్న రోజు కూడా "తిన్నవా బిడ్డా?" "తిన్నా." "బడికి పోయినవా?" "వెళ్ళా." అంతే, అయిపోతుంది. నా దగ్గర నేర్చిన తెలుగుతో మా పిల్లకి నానమ్మ మాట సగమే అందుతుంది. మిగతా సగం అందాలంటే ఆవిడ పక్కన కూర్చోవాలి, ఆవిడతో పాటు చింతపండు పిక్కలు తీయాలి. శనివారం తెలుగు బడిలో మనం ఎన్ని గుణింతాలు దిద్దించినా ఇది రాదు. ఆ బడిలో నేనూ పాఠం చెబుతాను కాబట్టి ధైర్యంగానే అంటున్నాను.

కానీ ఆ కారణాలన్నీ పాతబడ్డాయి. 2025 అక్టోబరులో నేరు విమానాలు కూడా మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో మేం వెళ్ళింది ఒక పెళ్ళికి. కరీంనగర్ హోటల్లో దిగి, ఊళ్ళో ఒక్క పూట ఉండి వచ్చేశాం. పెంకుటిల్లు బొమ్మ ఆ ఒక్క పూట పుణ్యమే.

తీర్పు చెప్పనన్నాను గానీ, ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది నేనెటో. నన్నిటు లాగింది మాత్రం చువాన్‌జౌ అనే ఊరు.

అక్టోబరు సెలవుల్లో వెళ్ళాం. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచీ అక్కడ రద్దీ. కైయువాన్ గుడి 686లో కట్టిందట. బుద్ధుడి పెద్ద హాలు వెనక రెండు స్తంభాలున్నాయి, చాలామంది అటు రారు. వాటి మీద చిన్న చిన్న వలయాల్లో మన బొమ్మలు. గోపికల చీరలెత్తుకెళ్ళిన కృష్ణుడు. ఇంకోచోట ఒళ్ళో హిరణ్యకశిపుణ్ణి వేసుకున్న నరసింహుడు. వాళ్ళ నాన్న అక్కడ చెప్పులు విడిచి నిలబడిపోయారు. నరసింహుడి గుడి ఉన్న ధర్మపురి మనిషి కదా. నాకూ అంతర్వేది నరసింహుడు పుట్టింటి దేవుడే. గోదావరి పైనొకటి, చివరొకటి, ఇద్దరి ఇళ్ళలోనూ ఆయనే. కొన్ని వేల మైళ్ళ అవతల, ధూపం పొగలో, ఆయన్ని అలా చూస్తామనుకోలేదు.

ఆ స్తంభాలు తమిళ వర్తకుల గుడివి. 1281లో ఇక్కడ కట్టిన శివాలయం గురించి తమిళంలో ఒక శాసనం దొరికింది, దాని కింద చైనా లిపిలో ఒక వరుస ఉంటుంది. కుబ్లాయ్ ఖాన్ క్షేమం కోరి పెట్టించారట. ఎక్కడున్నా రాజుగారి మంచి కోరాల్సిందే, ఆ తెలివి వాళ్ళకీ ఉంది. తర్వాత ఆ గుడి పోయింది. రాళ్ళు తలా ఒక చోటికి చేరాయి, కొన్ని ఈ బుద్ధుడి గుడికి వచ్చాయి. మా అమ్మాయి స్తంభం చుట్టూ తిరిగి, "వీళ్ళ పిల్లలేమయ్యారు?" అంది. కొందరు ఊరికి వెళ్ళిపోయి ఉంటారు, కొందరు ఇక్కడే కలిసిపోయి ఉంటారు అన్నారు వాళ్ళ నాన్న. గేటు దగ్గర చెరుకు రసం అమ్మే అతన్ని నేను ఊరికే పరీక్షగా చూశాను.

ఆ రోజుల్లో పాస్‌పోర్టులు లేవు, కలవాలనుకున్నవాళ్ళు కలిసిపోయారు. మన పిల్లలకి కలవడానికి వీల్లేదు, వెళ్ళడానికి ఊరు మనం ఉంచడం లేదు. నా భయమంతా ఇదే. చెడు అలవాట్లు, అబ్బాయిలు, ఫోన్లు, ఇవన్నీ తర్వాత. పదిహేడేళ్ళకి ఈ పిల్ల ఏ దేశంలో హాస్టల్‌లో చేరినా, మొదటి సెలవులకి టికెట్టు ఎక్కడికి తీసుకుంటుంది? అప్పటికి మనం ఏ ఊళ్ళో ఏ అద్దె ఫ్లాటులో ఉంటామో!

గ్రూపులో ఒకరు, "మా పిల్లలకి మేమే ఊరు" అన్నారు. వినడానికి బాగుంది. కానీ ఊళ్ళో మనతో పాటు మనకి నచ్చనివాళ్ళు కూడా ఉంటారు. పిల్ల నల్లబడిందనే పెద్దమ్మ, మార్కులడిగే మాస్టారు, పొలం గట్టు తగాదా, కారణం ఎవరికీ గుర్తులేని అలక. పిల్లలకి అదంతా కావాలని నా పట్టు. ఇక్కడ వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళంతా మనం ఏరికోరి పిలుచుకున్న పొట్‌లక్ స్నేహితులే. ఏ ఇద్దరికీ పడకపోతే వచ్చే శనివారం పిలవం, అంతటితో సరి.

పిల్లల్ని ఊరికి తీసుకెళ్ళడం తేలికని మాత్రం చెప్పను. మన బళ్ళకి చలికాలం సెలవులిచ్చేసరికి అక్కడ సంక్రాంతి వెళ్ళిపోతుంది. మనకి జూలైలో సెలవులంటే అక్కడ బళ్ళు తెరిచేస్తారు. మామిడిపళ్ళూ అయిపోతాయి. అన్నదమ్ముల పిల్లలు ఆదివారం తప్ప దొరకరు. దోమలు, కరెంటు కోత, వర్షానికి బురద. ఫుకెట్‌లో ఇవేవీ ఉండవు, ఒప్పుకున్నాను.

పైగా మా మరిది ఊళ్ళో ఇల్లు అమ్మేసి అత్తగారిని హైదరాబాద్ తీసుకెళ్తానంటున్నాడు. పెద్దావిడ ఒక్కత్తే ఉండడం అతనికి దిగులు. రోజూ ఫోన్ చేసేది, మందులు పంపేది అతనే, కాబట్టి మాట్లాడే హక్కూ అతనిదే. ఇక్కడ కూర్చుని వద్దని చెప్పడం మాకు సులువు. అయినా వద్దనే చెప్పాం. మా వాటా డబ్బు మాకక్కర్లేదు, ఇల్లు ఉండనీ అన్నాం. అతను ఇంకా ఏమీ తేల్చలేదు.

జూలై మొదటి వారానికి టికెట్లు తీసుకున్నాం. ఆయనకి పది రోజులే సెలవు, పిల్లలూ నేనూ ఆగస్టు మధ్య దాకా ఉంటాం. మధ్యలో వారం కోనసీమ, అది నా వాటా. బోనాలు చూపించాలి, ధర్మపురి గోదావరిలో ముంచాలి, ట్యాబులు రెండూ షాంఘైలోనే వదిలెయ్యాలని గట్టిగా చెప్పాను. ఆ మాట మా అత్తగారితో అంటే, "గట్లెట్లనే? పిల్లలొస్తున్నరని నిన్ననే వైఫై పెట్టిచ్చిన" అన్నారు.