కొన్న పాతబట్ట

మా ఇంట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను బడికి అన్నం తీసుకుపోయిన డబ్బా. మూత మీద ఒక సొట్ట ఉంటది. ఆ డబ్బా ఒకప్పుడు రెండు చీరలు, ఒక ప్యాంటు. ఎట్లనో చెప్త.

1997లో మేం పాలమూరు నుంచి బోరబండకు వచ్చినం. అయ్య సెంట్రింగ్ పనికి పోయేటోడు. సైట్-3 దగ్గర రేకుల ఇల్లు కిరాయికి తీసుకున్నం. అవ్వ పొద్దున అయిదింటికే లేచి మోతీనగర్ మీదుగా నడిచి ఎస్ఆర్ నగర్‌ల మూడిండ్లు ఊడ్చి, బాసండ్లు తోమేది. దసరాకో, అల్మారీ సర్దినప్పుడో ఒకింటి అమ్మగారు పాత చీర ఇచ్చేది. వద్దనేటందుకు లేదు. వద్దంటే దీనికి పొగరెక్కింది అంటరు, పని పోతది. అవ్వ రెండు చేతులు చాపి తీసుకునేది. ఇంటికి తెచ్చి మాత్రం కట్టుకోకపోయేది. మా చెల్లెకు లంగా కుట్టించకపోయేది. మూట కట్టి మంచం కిందికి నూకేది. స్టీలు సామాన్లామె గల్లీలకొచ్చి కేకేసిన రోజు ఆ మూట బయటికొచ్చేది. అట్ల వచ్చిందే నా అన్నం డబ్బా.

అట్లని మేం కొత్త బట్టలు తొడుక్కున్నమా అంటే అదీ లేదు. ఆదివారం ఎర్రగడ్డ అంగడికి పోయి, ఎవరో విడిచిన బట్టలే కొనుక్కొచ్చేటోళ్ళం. కాళ్ళ దగ్గరికి వచ్చిన చీరను గిన్నె చేసుడేంది, పైసలు పెట్టి ఇంకొకరి పాత చీర కొనుడేంది అని అయ్య నవ్వేటోడు. నాకూ అది తిక్క పనే అనిపించేది. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి అడిగిన. అవ్వ బియ్యం చెరుగుతూ చెప్పింది: "ఎరికున్నోళ్ళ చీర కడితే వాళ్ళ చూపు దాని మీదనే ఉంటది బిడ్డా. ఎరికలేనోళ్ళది కడితే ఒట్టి చీరే."

తర్వాత నేను డిగ్రీ చదివిన, బీఈడీ చదివిన. మా ఇంటిపేరుతో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. దానధర్మాల గురించి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదంతా చదివిన, ఇప్పుడు పిల్లలకు చెప్తున్న కూడా. దానం తీసుకున్నోని వైపు నుంచి రాసిన పాఠం ఒక్కటి కూడా నాకు తగల్లేదు. ధర చెప్పి కొన్న చీర లెక్క అక్కడితో తీరుతది. ఊరికే ఇచ్చిన చీర లెక్క ఎన్నడూ తీరదు. ఆ చీరకు బదులు చుట్టాలొచ్చిన నాడు రెండు గంటలు ఎక్కువ పని చెయ్యాలె. పండుగ నాడు సెలవు అడగొద్దు. పక్కింటామె ముందు "అది నేనిచ్చిందే" అన్నప్పుడు తలొంచుకుని నవ్వాలె. జీతం పెంచమని అడిగే నోరు ఆ చీర మడతల్లోనే ఉండిపోతది.

ఇది ఒక్క అమ్మగారి గుణమైతే ఇంత రాయకపోదును. మనుస్మృతి పదో అధ్యాయం తీసి చూడండి. చండాలురు చచ్చినోళ్ళ బట్టలు కట్టుకోవాలని అందులో ఉంది. అదే అధ్యాయంలో, సేవ చేసే శూద్రునికి ఎంగిలి అన్నం, పాతబడ్డ బట్టలు ఇవ్వాలనీ ఉంది. అంటే పాతబట్ట ఇచ్చుడు జాలితో పుట్టిన అలవాటు అనుకునేటందుకు లేదు, అది ఒక చట్టం. ఎవడు నేసింది ఎవడు కట్టాలె, ఎవడు విడిచింది ఎవడు తొడగాలె అని రాసిపెట్టిన చట్టం. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆధ్వర్యంలో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే. ఆ సభల రోజుల్లోనే ఆయన మన ఆడోళ్ళను పిలిచి, కులం తెలిసిపోయే కట్టు మానెయ్యండి, మిగతా ఆడోళ్ళ లెక్కనే చీర కట్టండి అని చెప్పిండు. పుస్తకం కాల్చినంక ఆయన మాట బట్ట మీదికి ఎందుకు పోయిందో మా ఊరోళ్ళకు విప్పి చెప్పాల్సిన పని లేదు. మా తాత డప్పు కొట్టినందుకు పీనుగ మీద కప్పిన బట్ట వచ్చేదట. మా చిన్నాయిన పట్నం నుంచి ఇస్త్రీ అంగీ తొడుక్కొని ఊరికి పోతే, ఎవరి పెండ్లిరా అని కచ్చీరు కాడ ఆపి అడిగిండ్రట. మాసిన అంగీతో పోతే ఎవరూ ఆపకపోదురు.

ఇగ ఎర్రగడ్డ అంగడి సంగతి. బోరబండ నుంచి నడిచి పోవచ్చు. ఇప్పుడు పక్కనే మెట్రో స్టేషన్ వచ్చింది, కింద రోడ్డు పొడుగునా పాత స్పానర్లు, రిపేరు ఫోన్లు, కుర్చీలు, చెప్పులు, కుప్పలు కుప్పలు బట్టలు. బేగంబజార్ దిక్కు గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్ లెక్కనే దీన్నీ కొందరు చోర్ బజార్ అంటరు. మొదటి మూట విప్పేటప్పుడే అవ్వ అక్కడుండేది. అంగీ పట్టుకుంటే ముందు చంకలు చూసేది, తర్వాత కాలర్ లోపలి మడత, తర్వాత కుట్లు. ప్యాంటయితే రెండు కాళ్ళ నడుమ బట్టను ఎండకు ఎత్తి పట్టేది. అక్కడ పలచబడితే ఆరు నెలలు కూడా ఆగదు. మరీ నల్లగ నిగనిగలాడితే రంగేసిండ్రని పక్కన పెట్టేది. తడి వేలితో రుద్దితే వేలికి అంటుతది. జిప్పు పోయినా ఫికర్ లేదు, కొత్తది తక్కువకే పడతది. బట్ట చీకిపోతే మాత్రం ఎంత చవకైనా దండగే. ఇంటికొచ్చినంక సోడా వేసి ఉడకబెట్టి రెండు రోజులు ఎండలో వేసేది. ఈ విద్య నాకూ వచ్చింది. అమీర్‌పేట్‌లో డీఎస్సీ కోచింగ్‌కు పోయినన్ని రోజులు నా అంగీలన్నీ ఎర్రగడ్డవే, వాటి ఇస్త్రీ చూసి ఎవరూ అనుమానపడలే.

బేరం దగ్గర అవ్వకు ఒక హద్దుండేది. నలభై అంటే ఇరవై అనేది, ఇరవై అయిదుకు వచ్చినంక ఇగ మాట్లాడేది కాదు. ఆ కుప్ప ముందు కూసున్న ఆమె కూడా గల్లీ గల్లీ తిరిగి గిన్నెలిచ్చి బట్టలు తెచ్చినామెనే. ఎండల నెత్తి మీద గంప మోసిన మనిషి. తెలివిగా కొనుడు అంటే ఎదుటామె మెడ మీద కాలు పెట్టి కొనుడు కాదని నాకు అక్కడనే తెలిసింది. ఇప్పుడు పట్నంల కాలేజీ పిల్లలు ఫోన్లల్ల పాతబట్టలు కొని త్రిఫ్ట్ అని ముద్దుగా పిలుచుకుంటున్నరు, భూమికి మంచిదంటున్నరు. మంచిదే. పాతబట్ట తొడిగినా వాళ్ళను ఎవరూ కులం అడగరు, ఆ సుఖం వాళ్ళకుంది.

అవ్వ ముట్టని కుప్ప ఒకటుంది. ఒకే కొలత జాకెట్లు, ఒకే వయసు ఆడమనిషి చీరలు పదిపన్నెండు ఒక్క మూటల వస్తే, "ఎవరో పోయిండ్రు" అని పక్కకు జరిగేది. 2012లో అట్లాంటి కుప్పలనే నా తమ్మునికి ఒక కోటు దొరికింది. ముసలాయన కోటు. దాని కింద అదే కొలత ప్యాంట్లు, మఫ్లరు, కండ్లద్దాల డబ్బా. నూటయాభై చెప్పిండు, నూటికి ఇచ్చిండు. ఏప్రిల్ 14కు తమ్ముడు ఆ కోటు తొడుక్కొని బాబాసాహెబ్ విగ్రహం కాడ నిలబడాలని వాని కోరిక. అవ్వ ఆ కోటును మూడు రోజులు ఎండలో వేసింది గానీ ఒక్కసారి కూడా మడత పెట్టలేదు. నాకు నిద్ర పట్టలేదు. తాతకు చచ్చినోని బట్ట చట్టమైతే, మనుమడు పైసలిచ్చి అదే చచ్చినోని బట్ట తెచ్చుకుంటున్నడు. పుస్తకం కాల్చినాయన విగ్రహం ముందరికి ఆ పుస్తకం చెప్పిన బట్టనే తొడుక్కొని పోవుడా?

సంఘంల తిరిగే మా దోస్తు ఒకడు ఇదే మాట గట్టిగా అన్నడు. "కొన్నా ఇచ్చినా వాళ్ళు విడిచిందే కదా. పేరు మార్చుకొని తృప్తి పడుతున్నం." వాని మాటను తేలిగ్గ తీసిపారెయ్యలేను. ఆఫ్రికాల ఘనా దేశపు రాజధాని అక్రాలో కాంతామాంతో అని పెద్ద పాతబట్టల బజారుంది. యూరప్, అమెరికాల నుంచి ఓడల్లో మూటలు దిగుతయి. అక్కడి ప్రజలు ఆ బట్టలకు పెట్టిన పేరు ఒబ్రోని వావు, అంటే తెల్లోడు చచ్చిపోయిండు అని అర్థం. బతికున్నోడు ఇంత మంచి బట్ట ఎందుకు పారేస్తడని ఆ పేరు పుట్టిందంటరు. వేలమంది దాని మీద బతుకుతరు, పనికిరాని మూటల చెత్త కూడా వాళ్ళ నెత్తినే పడుతది. మన దేశంల పానిపట్‌కు చేరే పాత ఉన్నిబట్టలను చింపి, దారం తీసి దుప్పట్లు నేస్తరు. బజారు కూడా శుద్ధమైన చోటేం కాదు. ఎవడు విడుస్తడు, ఎవడు ఏరుకుంటడు అనేది అక్కడా ముందే తేలిపోయి ఉంటది.

అయినా వానితో నేను ఒప్పుకోలే. తాతకు వద్దనే హక్కు లేదు. అవ్వకు ఆ కుప్పను చూసి పక్కకు జరిగే హక్కుంది, తమ్మునికి దాన్నే ఏరుకునే హక్కుంది. ఒకే బట్టను తల్లి వద్దన్నది, కొడుకు కావాలన్నడు, ఇద్దరినీ అడిగేటోడు లేడు. మనువు పుస్తకంల లేనిది అదే. తమ్ముడు కోటు తొడుక్కొని పోయిండు. ఫొటో ఇంట్లో ఉంది. చేతులు కొంచెం పొడుగైనయి.

కానుకల కాడ నేనొక తప్పు చేసిన. చెల్లె పెండ్లికి ఎర్రగడ్డల పాత కుట్టుమిషన్ కొని, రిపేరు చేయించి, రంగేయించి కొత్తదన్నట్టు ఇచ్చిన. ఏడాదికి బెల్టు చక్రం కాడ రంగు లేచి కింద పాత రంగు బయటపడింది. బావ ఏమనలే గానీ చెల్లె ఏడ్చింది. పాతదైనందుకు కాదన్నది, "నాకు చెప్తే నేనే నలుగురికి చెప్పుకుందును గదన్నా" అన్నది. ఆ మిషన్ మీదనే ఇప్పటికీ జాకెట్లు కుడుతది. అప్పటి నుంచి ఏ పాత సామాను ఇచ్చినా ఎక్కడ కొన్న, ఎంతకు కొన్న చెప్పే ఇస్తున్న.

2019లో నాకు సర్కారు బడిల నౌకరి వచ్చింది. అప్పటిదాకా నేను తీసుకునే దిక్కు నిలబడి మాట్లాడిన. పోయినేడు చలికాలం మా బడిల మూడో తరగతి పిల్ల పలచటి గౌనుతో గజగజ వణుకుతుంటే, నా బిడ్డకు చిన్నదైన స్వెటరు తెచ్చి పదిమందిల తొడిగిన. తోటి టీచరు మెచ్చుకున్నది. నాకూ లోపల హాయిగనే ఉండె, అబద్ధమెందుకు. తెల్లారి ఆ పిల్ల స్వెటరు లేకుండనే వచ్చింది. మూడో రోజు వాళ్ళమ్మ వచ్చింది. ఇటుక బట్టీల పని చేసే మనిషి, కూలి పొద్దు ఇడిచి వచ్చింది. ఇరవై రూపాయల నోటు టేబుల్ మీద పెట్టి, "తీసుకోండ్రి సార్, రేపటిసంది తొడుగుతది" అన్నది.

వద్దంటే నేను దాతగ మిగిలిపోత. తీసుకుంటే బట్టీల కాలిన చేతుల నుంచి ఇరవై గుంజుకున్నోన్నయిత. పొద్దున హాజరు పిలుస్తున్నప్పుడల్లా ఆ పిల్ల నా కండ్లల్లకు ఎందుకు చూడలేదో అప్పుడు తెలిసింది. అమ్మగారి చూపు నా కండ్లల్ల కూడా ఉంటదని నేనెన్నడూ అనుకోలే. నోటు తీసుకున్న. ఆమె పోయినంక తోటి టీచరు, పేదోళ్ళ పైసలు తీసుకుంటవా, నీకు సిగ్గులేదా అన్నది. జవాబు చెప్పలేకపోయిన. తీసుకున్నది న్యాయమా కాదా అని ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు. తెల్లారి నుంచి ఆ పిల్ల స్వెటరు తొడుక్కునే వచ్చింది, అంతవరకు చెప్పగలను.

ఆదివారం బోరబండకు పోయినప్పుడు అవ్వకు ఈ సంగతంతా చెప్పిన. మెచ్చుకుంటదనో తిడతదనో చూసిన. అవ్వ ఒక్కటే అడిగింది.

"ఎంతకిచ్చినవ్?"

"ఇరవైకి."

"ఆ మోచేతి కాడ అతుకున్నదేనా? పదికియ్యాల్సిందిరా."