దిద్దుబాటూ చెరుపుబాటూ

ఒకరు చేసిన పనిని మరొకరు దిద్దవలసి వచ్చినప్పుడు అందులో ఎంతవరకు చెయ్యి పెట్టవచ్చు? బడి పంతులుకూ, పత్రికా సంపాదకుడికీ, కోడలు పెట్టిన పులుసు రుచి చూసే అత్తకూ కూడా ఉన్న ప్రశ్నే ఇది. నాకు మాత్రం పాటల ధ్వనిని సరిచేసే పనిలో ఎదురయింది.

ముందు ఆ పని సంగతి కొంచెం చెప్పాలి. పాటను రికార్డు చేసేటప్పుడు ఒక్కొక్క గొంతునూ, ఒక్కొక్క వాద్యాన్నీ వేరువేరు ట్రాకులుగా పట్టి ఉంచుతారు. తరువాత వాటిని తగుపాళ్లలో కలపడమే మిక్సింగ్. ప్రతి ట్రాకుకూ ఒక ఫేడర్ ఉంటుంది. పైకి జరిపితే ధ్వని పెరుగుతుంది, కిందికి దించితే తగ్గుతుంది. పాట నడుస్తున్నంతసేపూ వీటిని కదుపుతూ ఉండాలి. పల్లవి అందుకునే చోట గొంతును ఎత్తాలి, డోలు విజృంభించే చోట డోలును దించాలి. పూర్వం ఇదంతా చేతులతోనే. ట్రాకులు ఎక్కువైతే ఇద్దరు ముగ్గురు బల్ల ముందు చేరి, తలా కొన్ని ఫేడర్లు పంచుకుని, పాట మొదటినుంచి చివరిదాకా నడిపేవారు. ఒకరి చెయ్యి తప్పితే మళ్లీ మొదటికి రావలసిందే. 1977లో నీవ్ సంస్థ నెకామ్ అనే ఏర్పాటు తెచ్చింది. చెయ్యి ఒకసారి జరిపిన తీరును కంప్యూటర్ గుర్తు పెట్టుకుని, మరుసటిసారి మోటార్లతో ఫేడర్లను తానే జరిపేది. 1991లో ప్రోటూల్స్ వచ్చింది. క్రమంగా ఆ బల్ల మొత్తం కంప్యూటర్ తెరమీదికి చేరింది. ఇప్పుడు ఫేడర్ కదలిక తెరమీద ఒక గీతగా కనబడుతుంది. దీన్నే ఆటోమేషన్ అంటాం.

ఈ గీతను దిద్దడానికి పద్ధతులు కొన్ని ఉన్నాయి. ‘రైట్’ పద్ధతిలో పాట నడిచినంత మేరా పాత గీత చెరిగిపోయి కొత్తది పడుతుంది, ఫేడర్‌ను మనం తాకినా తాకకపోయినా. ‘టచ్’ పద్ధతిలో తాకినంతసేపే కొత్త గీత. వదలగానే పాతదానికి తిరిగి వెళుతుంది. ‘ట్రిమ్’ పద్ధతి వేరు. అందులో పాత గీత వంపులు అలాగే ఉంటాయి. మొత్తం ఎంత ఎత్తాలి, ఎంత దించాలి అన్న తేడా ఒక్కటే మనం ఇస్తాం. ఆ తేడాయే ఆఫ్‌సెట్. మైనస్ 12 డెసిబెల్స్ నుంచి మైనస్ 6కు ఎక్కిన గీతకు 3 కలిపితే, అది మైనస్ 9 నుంచి మైనస్ 3కు ఎక్కుతుంది. నిలబడిన మెట్టు మారింది గాని, నడుమ ఉన్న 6 డెసిబెల్స్ ఎక్కుడు మారలేదు.

ఇవన్నీ నాకు ఏళ్లుగా తెలిసినవే. తెలిసి కూడా తప్పు చేశాను.

హోసూరు దగ్గరి ఒక పల్లెలో భజన బృందం ఉంది. ముందు పాడే పెద్దాయన పోయారు. పోకముందు ఆ ఊరి కుర్రాడొకడు నాలుగు మైకులు, ఒక లాప్‌టాప్ పెట్టి ఆయన పాటలు రికార్డు చేశాడు. తనకు తోచినట్లు ఫేడర్లు నడిపి మిక్సింగ్ కూడా చేశాడు. సంవత్సరీకానికి గుడిలో వినిపించాలని, “కొంచెం బాగుచేసి ఇయ్యన్నా” అంటూ నాకు తెచ్చి ఇచ్చాడు. తెర తెరిచి చూస్తే గీతలన్నీ ఎగుడుదిగుడుగా, వణికే చెయ్యి రాసినట్లు ఉన్నాయి. నేర్చుకోని పని అనుకున్నాను. రైట్ పద్ధతి పెట్టి, మొదటినుంచి నా లెక్కన నేను నడిపేశాను. పెద్దాయన గొంతు ఎక్కడా జారిపోకుండా, ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడేటట్లు చేశాను. చక్కగా కుదిరిందనే అనుకున్నాను.

ఆయన కూతురు వచ్చి విన్నది. ఆమె కూడా వంతపాట పాడే మనిషే. చివరిదాకా విని ఇలా అంది: “గొంతు నాయనదే అన్నా. పాడేది మాత్రం నాయన మాదిరి లేదు. చరణం కడకు వచ్చేటప్పటికి నాయన గొంతు తగ్గించి మాకు ఇస్తాడు. నువ్వు తగ్గనీలేదే.”

అప్పుడు గాని నాకు వెలగలేదు. చరణం చివర ఆయన మైకు వైపునుంచి వంతపాట వాళ్ల వైపు తిరిగేవారట. తిరగడమే సైగ. వాళ్లు అందుకునేవారు. కుర్రాడి గీత సరిగ్గా అక్కడే ఆయనతోపాటు దిగి, వంతవాళ్లను ఎత్తింది. నేను లోపమనుకుని పూడ్చినది ఆయన తన తరువాతివాళ్లకు పాటను అప్పగించే మర్యాద. నాకు తెలియని కారణాన్ని, అసలు లేని కారణంగా లెక్కగట్టాను.

అదృష్టవశాత్తూ కుర్రాడి దగ్గర పాత ఫైలు ఉంది. లేకపోతే ఆయన్ని మళ్లీ పిలిచి పాడించేది ఎవరు? ఈసారి ట్రిమ్ పెట్టాను. కుర్రాడి గీతలను ముట్టకుండా, మొత్తంమీద 3 డెసిబెల్స్ ఎత్తాను. అందరూ కలిసే చోట ధ్వని సున్నా దాటి పగిలింది. డిజిటల్‌లో సున్నాయే పైకప్పు, దానికి మించినది తెగిపోతుంది. ఆ ఒక్క చోట టచ్ పద్ధతిలో డోలును కాస్త దించాను. మిగిలినదంతా కుర్రాడు నడిపిన నడకే.

ఇక్కడితో ఆపితే నీతి సులభంగా తేలిపోయేది: ఇతరుల పనిని చెరపవద్దు, వారి వంపులను గౌరవిస్తూ మొత్తాన్ని ఎత్తు అని. మనలాంటివాళ్లకు ఈ నీతి నచ్చుతుంది కూడా. “యాడ”ను “ఎక్కడ”గా, “నాయన”ను “నాన్నగారు”గా దిద్దించుకున్న అనుభవం మనలో చాలామందికి ఉన్నదే. దిద్దినవారికి చెడు తలంపు లేదు. మన మాటలోని దిగుడును తప్పనుకున్నారు. నేనూ అంతకంటె వేరుగా ఏమీ చేయలేదు.

కాని పని పూర్తిచేస్తూ ట్రాకులన్నీ ఒకసారి లెక్క చూసుకుంటే, ఒక ఫేడర్ పాట పొడుగునా అడుగునే పడి ఉంది. అది ఆ కూతురి మైకు. కుర్రాణ్ణి అడిగితే, “అక్క మైకులో తాళం మోత ఎక్కువన్నా, అందుకే మూసేసినా” అన్నాడు.

ఫేడర్ అట్టడుగున ఉండే అంకెను మైనస్ ఇన్ఫినిటీ అంటారు. దానికి 3 కలిపినా, 30 కలిపినా అది అక్కడే ఉంటుంది. డెసిబెల్స్‌లో కలపడమంటే లోపల జరిగేది గుణకారం. 6 కలిపితే ధ్వని తరంగం ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. సున్నాను రెట్టింపు చేస్తే సున్నాయే గదా. నేను అందరినీ సమానంగా ఎత్తాననుకున్నాను. ఆమెను మాత్రం ఎత్తలేదు. పైగా కుర్రాడి గీతను గౌరవించడమనే పేరుతో, అతను మూసిన గొంతును నేను కూడా మూశాను.

ఆఫ్‌సెట్‌లోని ధర్మసంకటం ఇదే. అది వినయం గల దిద్దుబాటు. మునుపటివాడి తెలివిని నిలబెడుతుంది, దానితోపాటు మునుపటివాడి అన్యాయాన్ని కూడా నిలబెడుతుంది. రైట్ పద్ధతి అహంకారం కలది. కాని అందులో మంచిచెడ్డలకు పూచీ నాదే. ఆఫ్‌సెట్‌లో మాత్రం “నేనేమీ మార్చలేదు” అని తప్పుకునే వీలుంది. మార్చకపోవడం కూడా ఒక నిర్ణయమేనని అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

లోకంలో చాలా మేళ్లు ఆఫ్‌సెట్ల వంటివే. అందరికీ ఒకే మోతాదులో పంచుతారు, అందరికీ చేరిందనుకుంటారు. తమిళనాడులో 2006లో బడులలో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ తరువాత బడికి వెళ్లిన మావాళ్ల పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం పోల్చుకోలేనివాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ పత్రికలు పది పంపినా ఏమి లాభం? అక్షరం వచ్చినవాడికి పది పత్రికలు పది మెట్లు. రానివాడికి అవి కట్ట కాగితాలు. అక్కడ కావలసింది కలపడం కాదు, పక్కన కూర్చుని “అ” దిద్దించడం. అది ఒక్కొక్కరి దగ్గర, ఒక్కొక్క అక్షరంగా జరగవలసిన పని.

ఆమె ఫేడర్ దగ్గర నేనూ అదే చేశాను. ఆరు నిమిషాల పాటకు ఒక సాయంత్రమంతా పట్టింది. తాళం తగ్గిన చోటల్లా గొంతును ఎత్తుతూ, మోగిన చోట దించుతూ కొత్త గీత గీశాను. అది పూర్తిగా నా గీత. నాకు ఆ హక్కు ఉందా అన్న అనుమానం తీరక, ఆమెను పిలిచి అడిగాను.

“నా గొంతెందుకన్నా, నాయనది వినపడితే చాలు” అంది.

“ఒకసారి వినమ్మా, వద్దంటే తీసేస్తాను” అని వినిపించాను.

చరణం చివర పెద్దాయన గొంతు దిగింది. వెనకనుంచి ఆమె గొంతు అందుకుంది. మళ్లీ ఒకసారి వెయ్యమంది. రెండోసారి విన్నాక, “తాళం యాల తగ్గించినావన్నా?” అంది.

“మోత ఎక్కువగా ఉందమ్మా, గొంతు మీద పడుతున్నది.”

“ఉంటే ఉండనీ. ఆ తాళం ఏసేది కూడా నేనే.”

నేను మళ్లీ ఫేడర్ ముందు కూర్చున్నాను. ఎత్తవలసింది ఎంత, వదిలేయవలసింది ఎంత అన్నది ఈసారి ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని అడిగి చేశాను. మొదటి రోజే అలా అడిగి ఉండవలసింది.