తుపాకీ గొప్పదా, చెయ్యి గొప్పదా?

మొన్న మా అక్క కొడుకు సెలవు మీద వచ్చాడు. వాడు సైన్యంలో జవాను. భోజనాల దగ్గర వాడికీ మావారికీ వాదన మొదలైంది.

“మంచి ఆయుధం ఎవరిదో వాళ్లదే గెలుపు చిన్నాయనా! 1999లో కార్గిల్ కొండల మీద బోఫోర్స్ ఫిరంగులు లేకుంటే తెలిసొచ్చేది” అన్నాడు వాడు.

“అమెరికా దగ్గర లేని ఆయుధమేముందిరా? 1973లో వియత్నాం నుంచి ఎందుకు వెనక్కొచ్చింది? గుండెధైర్యం ముఖ్యం” అన్నారు మావారు, పెరుగన్నం కలుపుకుంటూ.

జొన్నరొట్టె తడుతున్న అక్క తలెత్తి, “అవన్నీ నాకు తెలీవు గానీ, నీకు మంచి తుపాకీ ఇచ్చినారా నాయనా?” అంది.

వాళ్లిద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా కర్నూల్లో కొండారెడ్డి బురుజు ముందునుంచి వెళ్లినప్పుడల్లా నాకు కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్ గుర్తొస్తాడు. 1839లో కంపెనీవాళ్లు కోట సోదా చేస్తే కుప్పలకొద్దీ ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. జనానా తోటల్ని కూడా ఆయుధాల కొట్లుగా మార్చేశాడట! అంత కూడబెట్టినవాడు కోటనైనా నిలుపుకోలేకపోయాడు. అక్టోబరు 18న జొహరాపురం దగ్గర జరిగిన పోరుతో కథ ముగిసింది. పెట్టెలో దాచిన పట్టుచీరల్లాగా ఆయుధాలన్నీ ఉన్నచోటే ఉండిపోయాయి. నవాబు మాత్రం ఖైదీగా తిరుచినాపల్లి వెళ్లాడు.

అయితే మావారి మాటే నెగ్గిందంటారా? తొందరపడకండి. ఏడేళ్లు నిండకముందే, 1846 జులైలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. పల్లెల జనం ఆయన వెంట నడిచారు. ధైర్యానికేం కొదవ? అయినా అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. ఆ తలను 1877 దాకా కోటలో వేలాడదీసి ఉంచారు.

ఒకచోట ఆయుధాలుండీ ఓటమి. ఇంకోచోట ధైర్యముండీ ఓటమి. మరి కంపెనీకి ఉన్నదేమిటి? తుపాకులతోపాటు నెలజీతం అందుకునే సిపాయిలు, వెనకనుంచి అందే తిండీ మందుగుండూ, ఒక దండు చాలకపోతే మరో దండు. ఆ సిపాయిల్లో చాలామంది మన తల్లుల బిడ్డలే! పొయ్యి ఎంత మంచిదైనా బియ్యం, నీళ్లు, వండే చెయ్యి లేకుండా అన్నం ఉడకదు కదా.

అందుకే ఆయుధమొక్కటే గెలిపిస్తుందని నేననను. కానీ “ధైర్యముంటే చాలు” అనడం ఇంట్లో కూర్చున్న మనకు బహు సుళువు. ఆ మాట అనే హక్కు ధైర్యం చూపాల్సినవాడికే ఉంది. నాసిరకం తుపాకీ చేతికిచ్చి ధైర్యంగా ఉండమనడం, ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టి కడుపునిండా తినమనడం లాంటిదే. గెలుపోటములు దేనిమీద ఆధారపడినా, ఎందరు బిడ్డలు ఇంటికి తిరిగొస్తారనేది మాత్రం చాలావరకు చేతిలోని ఆయుధాన్ని బట్టే ఉంటుంది. మా అక్క అడిగింది ఆ లెక్కే.

నిన్న బస్సెక్కబోతూ వాడు రొట్టెల మూట అందుకుని, “మంచిదే ఇచ్చినారు మా” అన్నాడు.

అక్క నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, చెప్పండి?