వదిలేసిన మబ్బు

మా సోలాపూర్‌లో మా గల్లీకి నల్లా రోజూ రాదు. వచ్చిన రోజు ఇంట్లో అందరం బిందెలు పట్టుకొని నిలబడతాం. అందుకే మబ్బు పట్టిందంటే చాలు, మా అవ్వ ఒళ్లో ఉన్న బీడీల చేట పక్కన పెట్టి బయటికొచ్చి చూస్తుంది.

ఈ ఏడు సైన్సు ప్రాజెక్టు కోసం నేను మబ్బుల గురించి చదివాను. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డ కడతాయని అనుకుంటాం కదా? కాని మబ్బులోని సన్నటి స్వచ్ఛమైన నీటి బొట్టు మైనస్ 38 డిగ్రీల దాకా నీరుగానే ఉండగలదట. అంతకు ముందే మంచు కావాలంటే దానికి ఒక నలుసు ఆసరా కావాలి. దుమ్ము, కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ పని చేస్తాయి. నలుసు మీద పుట్టిన మంచు చుట్టూ ఉన్న ఆవిరిని లాక్కొని పెరుగుతుంది. బరువెక్కి కిందికి జారి, దారిలో కరిగి వాన అవుతుంది. సిల్వర్ అయొడైడ్ కూడా అలాంటి నలుసే అని 1946లో అమెరికాలో బెర్నార్డ్ వానెగట్ కనిపెట్టాడు.

మా జిల్లాలో కూడా మబ్బుల మీద ప్రయోగం జరిగింది. 2018, 2019 వానాకాలాల్లో పూణేలోని ఐఐటీఎం శాస్త్రవేత్తలు విమానంలో వెళ్లి చేశారు. ఇక్కడ వాడింది మంచు నలుసు కాదు, నీటి బొట్లను పెద్దవి చేసే ఉప్పు లాంటి నలుసు. 276 మబ్బులను ఎంచుకున్నారు. అయితే చీటీ వేసినట్టు కొన్నిట్లోనే చల్లి, మిగతావాటిని కావాలనే వదిలేశారు.

ఇది చెప్తే అవ్వకు కోపం వచ్చింది. “నీళ్లు లేని ఊరి మీదికి మబ్బు వస్తే, చేతిల మందు పెట్టుకొని చల్లకుండ ఇడిసిపెట్టిన్రా? పాపం కాదా బిడ్డా?” అంది.

నాకూ మొదట పాపమే అనిపించింది. తర్వాత ఇంకో సంగతి చదివాను. 1947 అక్టోబరులో అమెరికాలో సముద్రం మీద ఉన్న ఒక తుఫానులో విమానం నుంచి సుమారు 80 కిలోల డ్రై ఐస్ చల్లారు. ఆ చలికి మబ్బులో మంచు పుట్టి తుఫాను మారుతుందేమో చూద్దామని. ఆ తుఫాను దారి మళ్లి సవానా నగరం వైపు వచ్చిపడింది. జనం మండిపడ్డారు. నోబెల్ బహుమతి పొందిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ కూడా అది మా చల్లడం వల్లే మళ్లిందన్నాడు. కాని చల్లకముందే అది మళ్లడం మొదలైందని తర్వాత తేలింది.

చల్లని మబ్బు పక్కన లేకపోతే చల్లిన మబ్బు ఏం చేసిందో ఎట్లా తెలుస్తుంది? వాన పడితే మా గొప్ప అంటాం, పడకపోతే దేవుడి దయ అంటాం. రెండూ అబద్ధం కావచ్చు. సోలాపూర్‌లో కొన్ని మబ్బులను వదిలేశారు కాబట్టే, చల్లిన చోట సగటున సుమారు 18 శాతం వాన పెరిగిందని చెప్పగలిగారు.

అందుకని వదిలేయడం ప్రతిసారీ పాపం కాదని నా అభిప్రాయం. అయితే మూడు షరతులు ఉండాలి. మందు పనిచేస్తుందో లేదో నిజంగా తెలియనప్పుడే వదిలేయాలి. ఏ మబ్బును వదలాలో చీటీయే చెప్పాలి, డబ్బో పదవో చెప్పకూడదు. కింద ఉన్న జనానికి ముందే సంగతి చెప్పాలి. పనిచేస్తుందని గట్టిగా తెలిశాక కూడా వదిలేస్తే, అప్పుడు అవ్వ మాటే నిజం.

ఇదంతా అవ్వకు వివరించాను. ఆమె చాలాసేపు బీడీలు చుడుతూ విన్నది. “చీటీ మంచిదే బిడ్డా, చీటీకి మనోడు, మందోడు ఉండరు. కాని ఇడిసిపెట్టిన మబ్బు కిందోళ్లు కూడా మనకోసమే ఎండకు ఓర్చుకున్నరు. అది మర్వద్దు” అంది.

ఈ మాట నా ప్రాజెక్టు పుస్తకంలో లేదు. చివరి పేజీలో నేనే రాసుకున్నాను.