దారి తప్పిన ఉత్తరం ఎవరి పూచీ?

మనది కాని ఈమెయిల్ మన పెట్టెలో పడితే ఏం చేయాలి? నా పక్షం ముందే చెప్పేస్తాను: పంపినవాళ్లకు ‘ఇది నాది కాదు’ అని ఒక్క ముక్క రాయాలి. కర్నూల్లో నెట్ సెంటరు నడిపే మా బావ పక్షం దీనికి పూర్తిగా ఎదురు. హాల్‌టికెట్లు, ప్యాన్ కార్డులు, స్కాలర్‌షిప్ ఫారాలు అంటూ రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి కాబట్టి, ఈ సంగతులు తనకే బాగా తెలుసని ఆయన ధీమా. మెయిల్ ఎలా నడుస్తుందో ఆయనకే బాగా తెలుసు, ఒప్పుకుంటాను. మెయిల్ వచ్చిన మనిషి ఎలా నడుచుకోవాలి అన్న దగ్గరే మాకు పేచీ.

పేచీకి మూలం కడప పక్కనుంచి కువైట్‌కు డ్రైవరుగా పోబోతున్న ఒకతని కాయితాలు. గల్ఫ్ మెడికల్ స్లిప్పు, పాస్‌పోర్టు మొదటి పేజీ, ఫలానా రోజు పరగడుపున రావాలంటూ ట్రావెల్ ఏజెంటు రాసిన నాలుగు మాటలు, అన్నీ వచ్చి బావ జీమెయిల్‌లో పడ్డాయి. ఇద్దరి పేరూ ఒకటే, ఇంటిపేరు పొడి అక్షరమూ ఒకటే. పాస్‌పోర్టు ఫోటోలో కుర్రవాడు మెడ దాకా గుండీ పెట్టుకుని, తడి జుట్టు పక్కకు దువ్వుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

“చూసినా, డిలీట్ కొట్టినా, అయిపాయె,” అన్నాడు బావ.

“అట్లెట్లా అయిపోతుంది బావా?”

“ఏంటికి కాదు? పంపమని నేనేమన్నా అడిగినానా? అడగని సొమ్ముకు బాకీ ఎట్లా పడతాది?”

ఆయన అన్నవాటిలో నాకు బాగా నచ్చింది ఈ మాటే. అందుకే దీన్ని తొందరగా వదలబుద్ధి కాలేదు.

“ఎవరో వచ్చి మన అరుగు ముందు నిలబడి, ‘ఫలానా వాళ్లిల్లు ఇదేనా’ అని అడిగాడనుకో. వాణ్ణి నువ్వు పిలవలేదు. అయినా ‘కాదప్పా, ఆ సందులో’ అని చెయ్యి చూపిస్తావా, తలుపేసుకుంటావా?”

“చూపిస్తా. వాడు మనిషి, ఎదురుగా నిలబడి అడిగినాడు. మెయిల్ అడిగిందా? ఇదే ఇల్లనుకోని నేరుగా లోపలికొచ్చి కూచునె!”

“అందుకే నీ పూచీ ఇంకా పెరిగింది. దారి అడిగినవాడికి దారి తెలియదన్న సంగతైనా తెలుసు. ఏజెంటుకు అది కూడా తెలియదు. లేని అడ్రసుకు పంపి ఉంటే మెయిల్ తిరుగుటపాలో వచ్చేసేది, చేరలేదని తెలిసేది. అడ్రసు ఉంది, కాకపోతే మనిషి వేరే. సర్వరు లెక్కలో అది చేరిన ఉత్తరం. ఏజెంటు లెక్కలో పని అయిపోయింది. కుర్రవాడి లెక్కలో అది ఇంకా రాలేదు. ఈ లెక్కలు కలవడం లేదని తెలిసినవాడివి నువ్వొక్కడివే.”

“తెలుసుకోవడం నా తప్పా?”

“తప్పు కాదు. తెలిశాక గమ్మునుండటం తప్పు.”

“ఎవరు పెట్టినారప్పా ఈ రూలు?”

“ఉత్తరాల సంగతిలో తెల్లవాడే పెట్టాడు. 1898 తపాలా చట్టం ప్రకారం, వేరేవాళ్లకు చేరాల్సిన ఉత్తరాన్ని మోసబుద్ధితో దగ్గర పెట్టుకున్నా, కావాలని దాచినా రెండేళ్ల దాకా జైలు. 2023లో కొత్త చట్టం చేశారు, 2024 జూన్‌లో అది అమల్లోకి వచ్చింది. దాంతో పాతది పోయింది.”

“చట్టమే పాయె అంటివి. ఇంక రూలెక్కడిది?”

“పోతే పోయింది. అది ఉన్నప్పుడు మాత్రం మన పోస్టుమాన్ జైలుకు భయపడి ఉత్తరాలు పంచాడా? అడ్రసులో ఊరు తప్పుంటే, ‘ఇది మనూరి సుబ్బయ్యది కాదే, అవతలి ఊళ్లో కొళాయిల పని చేసే సుబ్బయ్యది’ అని తనే దిద్దుకుని పంపేవాడు. మెయిల్ దారిలో ఆ మనిషి లేడు. యంత్రం రాసినది రాసినట్టు చేరుస్తుంది, తప్పును కూడా. ఆ దారిలో కళ్లున్న మొదటి మనిషివి నువ్వే. ఆ ఉద్యోగం నీకిచ్చింది ఎవరంటే ఎవరూ కాదు, అయినా వచ్చి పడింది.”

“జీతం లేని ఉద్యోగం!”

“ఒక్క వాక్యం రాసే ఉద్యోగం.”

బావ కాసేపు ప్రింటరులో కాగితాలు సర్దాడు. తర్వాత వేరే దిక్కునుంచి వచ్చాడు. “సరే, నాది కాదని తెలియాలంటే చదవాల కదా. పరాయివాళ్ల పాస్‌పోర్టు నేను చూడొచ్చా? అది మటుకు న్యాయమా?”

దీనికి తపాలావాళ్ల దగ్గర పాత జవాబు ఉంది. ఎవరికీ చేరక, వెనక్కీ పోలేక మిగిలిన ఉత్తరాలకు వాళ్లు ఒక ఆఫీసు పెట్టుకున్నారు. మొదట దాన్ని డెడ్ లెటర్ ఆఫీసు అన్నారు, తర్వాత రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అన్నారు. పంపినవాళ్ల అడ్రసు కోసం ఉత్తరం విప్పే అధికారం అక్కడివాళ్లకు ఉండేది. అడ్రసు దొరికితే చాలు, కుశలప్రశ్నలతో వాళ్లకు పని లేదు. నీకూ అంతే బావా, ఎవరు పంపారో తెలిసేదాకా చూడు, ఆ పైన చూడకు అన్నాను. ఆయన తలూపాడు.

“రోజుకు యాభై వస్తే?”

“అవి ప్రకటనలు. వాటికి జవాబేంటి?”

“మోసగాళ్లయితే? తిరుగు జవాబిస్తే ఈ అడ్రసులో మనిషుండాడని తెలిసిపోతాది వాళ్లకు.”

“అది మోసం కనిపెట్టే తెలివికి సంబంధించింది, ధర్మానికి కాదు. లింకు నొక్కకు. డబ్బే పోతే 1930కి ఫోన్ చెయ్.”

ఇక్కడ బావ ఇంకొంచెం గట్టిగా నిలబడి ఉండొచ్చు. నిలబడలేదు. నేనూ నిలబడమని అడగలేదు.

ఆయనకు అసలు దిగులు వేరే ఉంది. “ఇవన్నీ నాకే ఏంటికి వస్తాయి?” అన్నాడు. అక్కడినుంచి మాట పేర్ల మీదికి మళ్లింది. సీమలో పేర్లను అమ్మానాన్నల కంటే దేవుళ్లే ఎక్కువ పెట్టారు. అహోబిలం నుంచి ఓబులేసులు, ఓబుల్‌రెడ్లు, ఓబులమ్మలు. బేతంచెర్ల పక్క మద్దిలేటి స్వామి నుంచి మద్దిలేట్లు. బ్రహ్మంగారి మఠం నుంచి వీరబ్రహ్మాలు, బ్రహ్మయ్యలు. దర్గాలకు మొక్కుకున్న ఇళ్లలో దస్తగిరులు, మస్తాన్‌లు, హుసేనప్పలు, పక్కీరప్పలు. ఈ పేర్లవాళ్లలో ఎవరు హిందువో ఎవరు ముస్లిమో పేరు చూసి చెప్పలేం, చెప్పాల్సిన పనీ లేదు. బడి హాజరు పుస్తకంలో ఒకే పేరు రెండు మూడుసార్లు పిలవడం మాకు వింత కాదు. పెద్దోడు, చిన్నోడు, కొట్టాల వీధోడు అని విడదీసుకుంటాం. ఆ విడదీసే మాటలేవీ ఫారంలో పట్టవు.

ఊళ్ల పేర్లకూ ఇవే తిప్పలు ఉండేవి. ఒకే పేరుతో ఊళ్లు, ఒక్కో భాషలో ఒక్కో రాత, అడ్రసుల్లో తప్పులు చూసి చూసి, 1972 ఆగస్టు 15న తపాలా శాఖ పిన్‌కోడు తెచ్చింది. శ్రీరామ్ భికాజీ వెలణ్‌కర్ ఆలోచన అది. కర్నూలు టౌనుకు 518001, కడప టౌనుకు 516001. ఊరికి అంకెలిచ్చారు గానీ మనిషికి ఇవ్వలేదు. ఆ తర్వాత మనుషులే తమకు తాము అంకెలు తగిలించుకోవాల్సి వచ్చింది. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మనవాళ్లు నెట్ సెంటర్లకు క్యూ కట్టేనాటికి సాదా పేర్లన్నీ అయిపోయాయి. పుట్టిన ఏడు, బండి నంబరు, హీరో పేరు ఏదో ఒకటి చేర్చితేనే అకౌంటు వచ్చేది. చెప్పేటప్పుడు ఆ అంకెలు మరిచిపోతే ఉత్తరం సాదా పేరువాడికి పోతుంది.

“చుక్క తేడా ఏమో అనుకుంటాండా ఇన్నాళ్లూ,” అన్నాడు బావ.

“జీమెయిల్‌లో చుక్కకు విలువ లేదు బావా. పేరు మధ్యలో చుక్క పెట్టినా పెట్టకపోయినా పెట్టె అదే. నీ చుక్కను ఇంకొకడు తీసుకోలేడు. కుర్రవాడు అంకెలు వదిలేసి చెప్పి ఉంటాడు, లేదా ఏజెంటు రాసుకోవడంలో వదిలేశాడు. నువ్వేమో ముందొచ్చి సాదా పేరు పట్టుకున్నావు. ఆ పేరుతో వచ్చే తంటా కూడా నీదే.”

“మా తాత పేరు నాకు పెట్టినందుకు పన్ను కట్టాలంటావ్!”

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నవ్వేసి కువైట్ సంగతి ఎత్తాను. రాజంపేట, రాయచోటి పక్క ఇళ్లలో కువైట్ ఉత్తరం రావడం అంటే ఏమిటో బావ చూశాడు. చదువు రాని తల్లికి పోస్టుమానే చదివి పెట్టేవాడు. కొడుకు పంపబోయే డబ్బెంతో, కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, ఎలాంటివాడో, అన్నీ ఆయనకు తెలిసిపోయేవి.

“అంటే పరాయి ఉత్తరం చదివినాడు కదా! ఇందాక చదవకూడదంటివి!”

“తల్లి అడిగింది, చదివాడు. చేర్చడానికే చదివాడు. నీకూ ఆ హద్దే చెప్తున్నాను.”

“సరేలేప్పా, రాస్తా,” అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. డిలీట్ చేసింది ట్రాష్‌లో 30 రోజులుంటుంది కాబట్టి మెయిల్ మళ్లీ దొరికింది. ఆయన రెండు వేళ్లతో కొట్టాడు: ‘ఈ మెయిల్ మీ డ్రైవరుది కాదు, నాది. కాయితాలు తీసేసినా. ఆ పిల్లోడికి ఫోన్ చేసి పరగడుపున రమ్మని చెప్పండి.’ ‘నమస్కారం’ పెట్టలేదేమని అడిగితే, మోసగాడైతే నమస్కారం దండగ అన్నాడు.

సెండ్ నొక్కాక ఆయన ముఖం మారింది. “ఒరే బామ్మర్దీ, మెయిల్ లేనోళ్లొస్తే ఫారంలో నేను నా మెయిలే వేస్తాండా. ఖాళీ వదిలితే ఫారం ముందుకు పోదు. పింఛను ముసలోళ్లు, హాస్టలు పిల్లోళ్లు, అందరివీ నాకే వస్తాండాయి. అవి మరి?”

“అవి దారి తప్పి రాలేదు బావా, నువ్వే పిలిచావు. ‘అడగని సొమ్ము’ అనడానికి ఇక్కడ లేదు.”

“ఇన్‌బాక్సులో రెండు వేలకు పైన ఉండాయిరా, తెరవనివి!”

ఎవరి ఫారంలో తన మెయిల్ వేశాడో వాళ్ల ఫోన్ నంబరు రాసి పెట్టుకోమన్నాను. మెయిల్ వచ్చినప్పుడు ఫోన్ చేసి చెప్పడానికి ఐదు రూపాయలు తీసుకోవచ్చా అని అడిగాడు. తీసుకోమన్నాను. పది తీసుకోవచ్చా అన్నాడు. దాని మీద ఇంకా తేలలేదు.