దుంగ మోసినవాడి పేరేమిటి?

‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబరు 17న విడుదలైంది. సంక్రాంతి సెలవులు అయ్యాక మా ఆశ్రమ పాఠశాలకు తిరిగి వచ్చిన మగపిల్లల నడకే మారిపోయింది. ఒక భుజం పైకెత్తి నడవడం, వెంట్రుక మొలవని గడ్డం కింద చెయ్యి రాసుకోవడం, అన్నం వడ్డించే దగ్గర ఎవరైనా వరుసలోకి వెళ్ళమంటే తగ్గేది లేదని చెప్పడం. రెండో భాగం 2024 డిసెంబరు 5న వచ్చేసరికి ఆ పిల్లల తమ్ముళ్ళు అవే చేతులు తిప్పారు.

ఉపాధ్యాయుల గదిలో మేము రెండుగా చీలిపోయాము. కొందరం “దొంగను హీరో చేశారు, పిల్లలు చెడిపోతున్నారు” అన్నాము. కొందరం “సినిమాను సినిమాలా చూడండి” అన్నాము. బయట కూడా ఇదే తగవు నడిచింది. స్మగ్లరును గొప్పవాడిగా చూపించడం ఏమిటని పెద్దలు కోప్పడ్డారు. 2023లో అదే పాత్రకు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ పురస్కారం రావడం అదే మొదటిసారి. ఒకే పాత్రను కొందరు నెత్తిన పెట్టుకున్నారు, కొందరు తిట్టిపోశారు. ఎందుకిలా జరుగుతుంది? ఇందులో మన ఆదివాసులం ఎటువైపు నిలబడాలి? ఈ రెండు ప్రశ్నల గురించి మాకు తోచినది రాస్తున్నాము.

ముందు అభిమానుల మాట విందాం. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ‘నాకు నచ్చిన కథానాయకుడు’ అని ఒక పేజీ రాయమన్నాము. సగానికి పైగా పుష్ప గురించే రాశారు. ఫైట్ల గురించి రాస్తారనుకున్నాము. ఒక అబ్బాయి మాత్రం ఇలా రాశాడు: “పుష్ప యజమాని ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. మా నాన్న చింతపండు అమ్మడానికి సంతకు వెళ్తే షావుకారు దగ్గర నేల మీద కూర్చుంటాడు. అందుకే నాకు పుష్ప ఇష్టం.”

ఆ పేజీ చదివాక “దొంగను హీరో చేశారు” అని ఊరుకోవడం మాకు కుదరలేదు. ఆ పిల్లవాడికి ఎర్రచందనంతో పని లేదు. తండ్రి నేల మీద కూర్చోవడం వాడికి కష్టంగా ఉంది. తండ్రి ఇంటిపేరు దక్కనివాడు, పుట్టుక గురించి నలుగురిలో అవమానపడినవాడు, కూలివాడు తల ఎత్తితే ఎలా ఉంటుందో ఆ సినిమా చూపించింది. అది చూసి చప్పట్లు కొట్టినవాళ్ళందరినీ చెడిపోయినవాళ్ళు అనడం అన్యాయం.

మనవాళ్ళకు మరో కారణం కూడా ఉంది. అడవిలో ‘నేరం’ అనే మాట మన మీదికి ఎలా వచ్చిందో మనకు తెలుసు. 1879లో రంప పితూరీ జరిగింది కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు భరించలేకే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా తాత కొట్టుకున్న కట్టె మర్నాటి నుంచి దొంగసొత్తు అయింది. 1922లో మన్యం మళ్ళీ లేచింది. అడవిలో బతికేవాళ్ళకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన ముందుమాటలోనే ఒప్పుకుంది. గొడ్డలి పట్టుకున్నందుకే తాతలు జరిమానాలు కట్టిన ఇళ్ళలో పుట్టిన పిల్లవాడు తెర మీద పోలీసు జీపు బోల్తా పడితే ఈల వేస్తాడు. ఆ ఈల వెనుక నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ఇప్పుడు విమర్శకుల మాట కూడా అంతే ఓపికగా విందాం. చట్టం అన్యాయంగా ఉన్నంత మాత్రాన చట్టాన్ని మీరినవాడల్లా న్యాయవంతుడు కాడు. పోడు కొట్టుకుని జొన్నలు, సామలు వేసుకున్నవాడూ పాలవ్యాన్లలో ఎర్రచందనం దాచి తరలించినవాడూ ఒకటి కాదు. మొదటివాడు అడవి మీద బతికాడు, రెండోవాడు అడవిని అమ్మాడు. ఎర్రచందనం లోకంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండల్లోనూ ఆ చుట్టుపక్కల అడవుల్లోనూ మాత్రమే ఉంది. చేవ పట్టాలంటే దశాబ్దాలు కావాలి. కొట్టడానికి గంట చాలు.

ఆడపిల్లల సంగతి కూడా విమర్శకులే ముందు ఎత్తారు. మా తరగతిలో అది ఎత్తింది ఒక అమ్మాయి. “సార్, శ్రీవల్లి నవ్వాలని డబ్బులిస్తారు కదా. మా ఊరి సంతలో ఎవరైనా అలా ఇస్తే మా అమ్మ ఊరుకోదు. సినిమాలో ఎందుకు బాగుంటుంది?” అని అడిగింది. మగపిల్లలు నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. మొదటి భాగం విడుదలయ్యాక విమర్శలు వస్తే హీరో ఆమెను తాకే ఒక సన్నివేశాన్ని సినిమా తీసినవాళ్ళే తగ్గించారు. కాబట్టి విమర్శకు పని లేదని ఎవరూ అనలేరు.

మరి ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంటే తగవు ఎందుకు తెగదు? ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు కాబట్టి. “ఇందులో నేను కనిపించానా?” అన్నది అభిమాని ప్రశ్న. “ఇది ఏం నేర్పుతుంది?” అన్నది విమర్శకుడి ప్రశ్న. 1989లో ‘శివ’ వచ్చినప్పుడు కాలేజీల్లో సైకిల్ చైన్ల గురించి ఇదే గొడవ. 1998లో ‘సత్య’ వచ్చినప్పుడు ముంబయి ముఠాల గురించి ఇదే గొడవ. ఇలాంటి కథల్లో కెమెరా ఎప్పుడూ నేరం చేసినవాడి వెంటే నడుస్తుంది. అతని తల్లి కన్నీళ్ళు మనం చూస్తాం. అతనికి తగిలిన దెబ్బ మనకు తెలుస్తుంది. అతని చేతిలో దెబ్బ తిన్నవాడి ఇల్లు మాత్రం మనకు చూపించరు. ఎవరి బాధ తెలుస్తుందో వాళ్ళ వైపు మనసు వాలడం సహజం, అది తప్పు కాదు. కానీ మనసు వాలిన చోటే న్యాయం ఉందనుకుంటే పొరపాటు మొదలవుతుంది. ఇష్టపడటం వేరు, ఒప్పుకోవడం వేరు. ఈ తేడా పిల్లలకు చెప్పవలసినవాళ్ళం మనమే.

ఇక్కడ అభిమానీ విమర్శకుడూ ఇద్దరూ అడగని మూడో ప్రశ్న ఒకటి ఉంది. అది మన ప్రశ్న.

ఈ సినిమాలో అడవి చాలా భాగం మన మారేడుమిల్లి అడవే. చిత్రీకరణ జరుగుతుంటే మా వైపు వాళ్ళు కూడా వెళ్ళి చూసి వచ్చారు. మన అడవిలో ఎర్రచందనం లేదు. మన చెట్లు తెర మీద శేషాచలమయ్యాయి. మన అడవి అంత అందంగా కనిపించినందుకు మేమూ సంతోషపడ్డాము. కానీ అసలు శేషాచలంలో ఏం జరిగిందో పిల్లలకు తెలియదు. 2013 డిసెంబరులో అక్కడ ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లింగు ముఠా చంపింది. 2015 ఏప్రిల్ 7న తెల్లవారుజామున పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. కూలీలే దాడి చేశారని పోలీసులు చెప్పారు. అది బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలు అన్నాయి. చనిపోయినవాళ్ళు తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామంది జవ్వాదు కొండలవైపు మలయాళి తెగ గిరిజనులు. అంటే మన వంటివాళ్ళే. కొండ మీద పంట చాలక, దళారి చూపించిన నోట్లకు గొడ్డలి పట్టుకుని బండెక్కినవాళ్ళు.

ఈ సంగతి తరగతిలో చెప్పాము. చెప్పి, “పుష్ప కాకుండా ఆ సినిమాలో దుంగలు కొట్టినవాళ్ళవీ మోసినవాళ్ళవీ అయిదు పేర్లు చెప్పండి” అన్నాము. కేశవ పేరు వెంటనే చెప్పారు. అతను హీరో పక్కన ఉండే స్నేహితుడు. రెండో పేరు దగ్గర అందరూ ఆగిపోయారు. మూడు గంటల సినిమాను నాలుగైదుసార్లు చూసి, మాటలన్నీ కంఠతా పట్టిన పిల్లలు వాళ్ళు. మాకు కూడా రెండో పేరు గుర్తు రాలేదు.

అడవిలో కూలీ పట్టుబడితే జైలుకు ముందు పోయేది అతనే. తుపాకీకి ఎదురుపడేదీ అతనే. దుంగ ఓడ ఎక్కి విదేశాలకు వెళ్ళాక దాని ధర ఎంతో అతనికి తెలియదు. సినిమాలో ఒక కూలీ ఆ మెట్లన్నీ ఎక్కి పెద్ద యజమాని అయ్యాడు. మిగిలిన కూలీలు కూలీలుగానే ఉన్నారు. వాళ్ళ భుజాల మీద దుంగ దిగలేదు, యజమాని పేరు మాత్రం మారింది. పుష్ప పాత యజమాని ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం ఆత్మగౌరవమే. కానీ ఆ తర్వాత అతని ముందు ఇంకెవరైనా అలా కూర్చోగలరా? అది కూడా అడగాలి. నేను ఎవరికీ వంగను అనడం ఆత్మగౌరవం. అందరూ నాకు వంగాలి అనడం పెత్తనం. సినిమా మొదటిదానితో మొదలై రెండోదానిలోకి ఎప్పుడు జారుకుందో, ఈలలు వేస్తున్న మనం గమనించలేదు.

మన ఊళ్ళలో దీనికి వేరే కొలత ఉంది. భూమి పండుగ వేటలో జంతువు దొరికితే బాణం వేసినవాడు ఇంటికి మోసుకుపోడు. ఊళ్ళో ఇంటింటికీ వాటా వేస్తారు. వేటకు రాలేని ముసలివాళ్ళ ఇంటికీ వాటా వెళ్తుంది. గురి చూసి కొట్టినవాడికి మర్యాద ఉంటుంది. కానీ ఆ మర్యాద పక్కవాడి వాటా మింగినందుకు రాదు. ఒక్కడు ఎదిగితే జాతి ఎదిగినట్టే అని సినిమాలు చెబుతాయి, ఈమధ్య చదువులూ అదే చెబుతున్నాయి. మన పెద్దలు అలా అనుకోలేదు.

అందుకని తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. పిల్లల చేతిలో ఫోను లాక్కుని సినిమాను నిషేధించలేము, నిషేధిస్తే దానికి మరింత రుచి వస్తుంది. వాళ్ళతో కలిసి చప్పట్లు కొట్టి ఊరుకున్నా మన పని చేసినట్టు కాదు. సినిమా గురించి మాట్లాడనివ్వండి. ఏది నచ్చిందో ముందు చెప్పనివ్వండి, నవ్వకుండా వినండి. ఆ తర్వాత ఈ కథలో దెబ్బ తిన్నవాళ్ళు ఎవరని అడగండి. పేరు లేనివాళ్ళు ఎవరని అడగండి. ఆ కథను శ్రీవల్లి చెబితే ఎలా ఉంటుందో, ఒక కూలీ భార్య చెబితే ఎలా ఉంటుందో రాయించండి.

మా తరగతిలో అలా రాయించినప్పుడు, తండ్రి నేల మీద కూర్చుంటాడని రాసిన ఆ అబ్బాయి మళ్ళీ ఒక పేజీ రాశాడు. అందులో కూలీ పేరు వాడి నాన్న పేరే. కథ చివర ఆ కూలీ యజమాని కాలేదు. సంతలో షావుకారు దగ్గర ఒక బల్ల మీద కూర్చుని, తూకం సరిగ్గా వేశారో లేదో చూసుకుని, డబ్బులు లెక్కపెట్టుకుని, కొడుక్కి జిలేబీ కొని ఇంటికి వచ్చాడు. అంతే కథ. వాడికి పుష్ప అంటే ఇప్పటికీ ఇష్టమే. ఆ ఇష్టాన్ని మేము కాదనలేదు.