వాని నవ్వు ఎవరికోసం?

ఎండాకాలం సెలవుల్లో మా మాదిగ గేరికి ఒక మిషన్ బృందం వస్తుంది. కొందరు పట్నం వాళ్ళు, కొందరు పరాయి దేశం వాళ్ళు. పది రోజులు చర్చి ముందర షామియానా కింద పిల్లోల్లకు పాటలు, బైబిలు కథలు, ఆటలు. ఆఖరి రోజు సబ్బు, టూత్‌పేస్టు, నోటుబుక్కు పెట్టిన కవరు. అయిదేండ్లుగా వాళ్ళ ఇంగ్లీషును తెలుగు చేసేది నేనే. సర్కారు బడి అయివారును, సెలవుల్లో వాలంటీరును.

ఎందుకంటే, బాకీ తీర్చడానికి. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు. బళ్ళో నీళ్ళ కడవ ముట్టనిచ్చేవాళ్ళు కాదు. మిషన్ హాస్టల్లో చేరిన రోజు ఒక దొరసాని నా తలమీద చెయ్యి పెట్టి, పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టింది. అంతవరకు మావాళ్ళు తప్ప నన్ను ముట్టుకున్నోళ్ళు లేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. దానికి మొదలు ఆ చెయ్యే. తిండి ఎర చూపి మతంలో కలుపుకున్నారని మమ్మల్ని ఎగతాళి చేసే పెద్దలను ఒకటే అడుగుతాను: ఆ చెయ్యి మీరెందుకు పెట్టలేదు?

అయినా పోయిన ఏడు మే నెలలో జరిగిన సంగతి నన్ను నిద్రపోనీలేదు. ఒక పిల్లోడు కవరు తీసుకున్నాడు గానీ, ఫోటోకు ఎత్తి చూపమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ‘నవ్వమని చెప్పండి మాస్టారూ’ అన్నారు. చెప్పినాను. అయివారు చెప్పినాడని నవ్వినాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. హాస్టల్లో ఏటా దాతలకు మాతో జాబు రాయించేవాళ్ళు. బాగున్నాను, మీకోసం ప్రార్థన చేస్తున్నాను అని రాయాల. మాయమ్మ సుగ్గికి పోయి ఆరు నెలలైందని నేను రాస్తే, ఆ కాగితం చింపి మళ్ళా రాయించినారు.

అదే పిల్లోడు మా బళ్ళో మధ్యాహ్నం అన్నం తింటాడు. సుప్రీంకోర్టు 2001లో ఆదేశమిస్తే, 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బళ్ళల్లో వండి పెట్టడం మొదలైంది. ఆ కూటికి వాడు నవ్వాల్సిన పని లేదు. అన్నం ముద్దయితే ‘ఇదేమి కూడు సార్?’ అని కూడా అడుగుతాడు. కవరిచ్చినోళ్ళను వాడు అట్లా అడగగలడా?

అట్లని హక్కు ఒక్కటుంటే చాలు, మనిషి చెయ్యి అక్కరలేదని నేననలేను. చట్టం తల నిమరదు. కానీ ఆ చెయ్యి ఎంతకాలం ఉంటుందనేదే అసలు ప్రశ్న. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. సెనక్కాయ పంట పోతే, బోరు ఎండితే, అమ్మానాయన బెంగుళూరికో కేరళకో పోతారు. పిల్లోల్లు జేజిల దగ్గర మిగిలిపోతారు. ఇది పది రోజుల్లో తీరే కష్టమా? విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్ళగొడితే, 1969లో అనంతపురం వచ్చినాడు. తర్వాత జెస్యూట్ సభ విడిచిపెట్టినాడు గానీ ఈ జిల్లాను విడవలేదు. 2009లో చనిపోతే బత్తలపల్లిలోనే సమాధి చేసినారు. నలభై ఏండ్లు ఉండినాడు.

మరి నేనో? నాలుగున్నర బస్సుకు టౌనుకు పోతాను. జూన్లో బడి తెరిస్తే ఆ పిల్లోడు రాలేదు. వాళ్ళ జేజిని అడిగితే, ‘ఇటుకల బట్టీ కాడికి పిల్చకపోయినారు నాయనా. ఫోటో దిగినాడు గదా, అదొకటి ఇప్పియ్యి, చూసుకుంటా’ అన్నది. ఆ ఫోటో నా దగ్గర లేదు. తీసినోళ్ళతోనే పోయింది. వాని పేరును నేను హాజరు పట్టీలో నుంచి కొట్టేసినానే గానీ, వెదకలేదు.

ఈ ఏడు మళ్ళా వస్తామని వాళ్ళు కబురు పెట్టినారు. రమ్మన్నాను. కవర్లు వద్దు, ముప్పై మంది పిల్లోల్ల పేర్లు నేర్చుకోండి అన్నాను. ఫోటో తీస్తే ముందు వాళ్ళింటికి ఒకటి ఇవ్వండి. జూన్లో ఎవరు బడికి రాలేదో నేను జాబు రాస్తాను, మీరు జవాబు రాయాల అన్నాను.

అది వాళ్ళకు పెట్టిన షరతు. నాకు నేను పెట్టుకున్నది ఇంకొకటుంది. జేజి దగ్గర మేస్త్రీ ఫోన్ నంబరు తీసుకున్నాను. వాళ్ళు వచ్చేలోగా బెంగుళూరికి పోయి ఆ పిల్లోణ్ణి చూసి రావాల.